ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డు పిటిషన్ తిరస్కరణ – మిగిలి ఉండే మార్గాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుండి ఉన్నత విద్యకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్లి, అక్కడ ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డు కోసం నిరీక్షిస్తున్నవారు ఉన్నారు. వారి తరఫున యజమాని సంస్థ దాఖలు చేసిన ఐ-140 పిటిషన్‌ను అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ తిరస్కరించినప్పుడు స్వస్థలంలోని కుటుంబ సభ్యులు ఆందోళన చెందడం సహజం. అయితే పిటిషన్ తిరస్కరణ గ్రీన్‌కార్డు రద్దు కాదు. దేశ బహిష్కరణ ఉత్తర్వు అంతకన్నా కాదు. వార్తా కథనాలలోనూ, కార్యాలయ ఉత్తర ప్రత్యుత్తరాలలోనూ ఈ భేదాన్ని పాటించడం అవసరం.

కారణమే మార్గాన్ని నిర్ణయిస్తుంది

తిరస్కరణకు గల కారణం నిర్ణయ పత్రంలో లిఖితపూర్వకంగా ఉంటుంది. నిర్దేశిత వేతనం చెల్లించే స్తోమత సంస్థకు ఉన్నట్లు రుజువు కాకపోవడం, అభ్యర్థి విద్యార్హత లేదా అనుభవం చాలకపోవడం తరచుగా కనిపించే కారణాలు. మన మూడేళ్ల డిగ్రీని అమెరికాలోని నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా పరిగణించరాదని 1977లోనే అక్కడ నిర్ణయం వెలువడింది. ఇంజనీరింగు పట్టభద్రులకు లేని ఈ ఇబ్బంది బి.ఎస్సీ., బి.కాం. చదివినవారికి ఎదురవుతుంది. అర్హతలన్నీ ప్రాధాన్య తేదీ నాటికే ఉండాలి. ఆ తరువాత సంపాదించిన డిగ్రీ, అనుభవం లెక్కకు రావు.

యజమాని చేపట్టదగిన చర్యలు

నిర్ణయం వెలువడిన 30 రోజులలోగా, అది తపాలా ద్వారా పంపబడితే 33 రోజులలోగా, ఐ-290బి ఫారం దాఖలు చేయవలసి ఉంటుంది. దీని ద్వారా అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ఆఫీసుకు అప్పీలు చేయవచ్చు. కొత్త వాస్తవాలు, ఆధారాలు ఉన్నప్పుడు కేసును తిరిగి తెరవాలని, చట్టాన్ని తప్పుగా అన్వయించారని భావించినప్పుడు పునఃపరిశీలించాలని కోరవచ్చు. ఫెడరల్ జిల్లా కోర్టును ఆశ్రయించే వీలు కూడా ఉన్నది.

సాధారణంగా అప్పీలు హక్కు పిటిషన్ వేసిన యజమానిదే గాని ఉద్యోగిది కాదు. విశిష్ట ప్రతిభ, జాతీయ ప్రయోజనం ప్రాతిపదికపై స్వయంగా పిటిషన్ వేసుకున్నవారు మాత్రం తామే అప్పీలు చేసుకోవచ్చు. కనుక సంస్థ అప్పీలు చేయదలచినదీ లేనిదీ తెలుసుకొనడమే ఉద్యోగి తక్షణ కర్తవ్యం.

లోపం సవరించదగినదైతే అదే సంస్థ గాని, మరొక సంస్థ గాని కొత్త పిటిషన్ వేయవచ్చు. కార్మిక శాఖ ధ్రువీకరణ చెల్లుబాటు 180 రోజులే. ఆ గడువు దాటితే ధ్రువీకరణ ప్రక్రియను మొదటి నుండి ఆరంభించవలసి రావచ్చు.

ప్రాధాన్య తేదీ, హెచ్-1బి గడువు

ఏటా సుమారు 1,40,000 ఉపాధి ఆధారిత వీసాలలో ఏ ఒక్క దేశానికైనా సాధారణ పరిమితి 7 శాతం. అందువలన భారతీయులకు వరుసలో స్థానాన్ని తెలిపే ప్రాధాన్య తేదీ అత్యంత విలువైనది. తిరస్కరించబడిన పిటిషన్ ఆ తేదీని ఇవ్వదు. అయితే గతంలో వేరొక పిటిషన్ ఆమోదం పొంది ఉంటే, మోసం, తప్పుడు సమాచారం వంటి కారణాలతో అది రద్దు కానంత వరకు, దాని తేదీని కొత్త పిటిషన్‌కు వినియోగించుకొనవచ్చు.

ఐ-140 తిరస్కరణ వలన హెచ్-1బి హోదా వెంటనే రద్దు కాదు. మంజూరైన గడువు వరకు కొనసాగుతుంది. ఆరేళ్ల పరిమితి దాటి, ఈ పిటిషన్ ఆధారంగానే పొడిగింపు పొందుతున్నవారికి తదుపరి పొడిగింపు ప్రశ్నార్థకమవుతుంది. ఐ-485 దరఖాస్తు కూడా ఇదే పిటిషన్‌పై ఆధారపడి ఉంటే అదీ తిరస్కరణకు గురవుతుంది. చట్టబద్ధ హోదా లేకుండా 180 రోజులకు మించి ఉండి, ఆపై దేశం విడిచినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారికి పదేళ్లు పునఃప్రవేశం నిషిద్ధం.

స్థానికంగా సమకూర్చవలసిన పత్రాలు

ముప్పది రోజుల వ్యవధిలో కుటుంబ సభ్యులు చేయగల సహాయం పత్రాల సేకరణ. డిగ్రీ పట్టా, అన్ని సంవత్సరాల మార్కుల జాబితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోవాలి. డిగ్రీ ఏ నాటికి పూర్తయినదో నిర్ణయించడంలో ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను కూడా పరిశీలించవచ్చునని 2017లో అప్పీల్స్ ఆఫీసు స్పష్టం చేసింది. పూర్వపు యజమాని ఇచ్చే అనుభవ పత్రంలో సంతకం చేసినవారి పేరు, హోదా, చిరునామాలతో పాటు అభ్యర్థి నిర్వర్తించిన విధుల వివరణ ఉండాలి. కేవలం పనిచేసిన కాలాన్ని తెలిపే పత్రం సరిపోదు.

జనన ధ్రువపత్రం తరువాతి దశలో అవసరమవుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి బాపట్ల, రేపల్లె అందులో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే కొనసాగింది. కాబట్టి పాత, కొత్త పత్రాలలో జిల్లా పేరు వేరుగా ఉండటం దోషం కాదు. వివరణ జతపరిస్తే చాలును. పురపాలక సంఘాలు, కళాశాలలు ఇటువంటి అభ్యర్థనలను గడువు దృష్ట్యా సత్వరం పరిష్కరించడం మేలు.

తిరస్కరణను తారుమారు చేయిస్తామని చెప్పే మధ్యవర్తులకు సొమ్ము చెల్లించరాదు. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలపై న్యాయ సలహా ఇచ్చే అధికారం అక్కడి న్యాయవాదులకు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధులకు మాత్రమే ఉన్నది. నిర్ణయ పత్రం అందిన వెంటనే దానిపై గల తేదీని చూసి వారిని సంప్రదించడం శ్రేయస్కరం.