టామీకి తెలుగు వచ్చా?

విదేశానికి కాపురం మార్చే ఇంట్లో పెట్టెలు సర్దడం చూశారా? ఊరగాయ జాడీకి చోటుంటుంది, అవ్వ ఇచ్చిన బొంతకూ చోటుంటుంది. వాకిట్లో పడుకున్న కుక్క సంగతే ఎటూ తేలదు. "టామీని కూడా తీసుకుపోదాం నాన్నా!" అని పిల్లలు పట్టుబడతారు. "కుక్కను విమానం ఎక్కిస్తారా ఎక్కడైనా?" అని పెద్దలు నవ్వుతారు. ఎక్కిస్తారు. దారికి అడ్డం నిలిచేది విమానం కాదు, కంటికి కనబడని ఒక వైరస్.

శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువులో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రికి అమెరికాలో ఉద్యోగం దొరికింది. మనుషులు బెంగుళూరు విమానాశ్రయం చేరడానికి ఒక్క పూట చాలు. టామీ ప్రయాణానికి మాత్రం నెలల ముందే పని మొదలుపెట్టాలి. మొదట దాని మెడ చర్మం కింద బియ్యపుగింజ కన్న కాస్త పెద్దదైన మైక్రోచిప్ ఎక్కిస్తారు. ఇందులో బ్యాటరీ ఉండదు. చదివే యంత్రాన్ని దగ్గరకు తెస్తే, ఆ యంత్రం పంపే రేడియో తరంగాల నుండే శక్తి తీసుకొని తన 15 అంకెల సంఖ్యను చెబుతుంది. ఆ తరువాతే రేబిస్ టీకా. కనీసం 30 రోజులు ఆగి రక్తం తీస్తారు. వైరస్‌తో పోరాడే ప్రతిరక్షకాలు అందులో తగినంత తయారయ్యాయా అని పరీక్షిస్తారు. 2024 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన అమెరికా నిబంధనల ప్రకారం, రక్తం తీశాక మరో 28 రోజులు గడవాలి. ఈ పరీక్ష లేకుండా వెళితే అక్కడ 28 రోజులు విడిగా ఉంచుతారు.

టీకా వేశారు, రక్తమూ బాగుంది. ఇంకా ఎందుకు ఆపడం?

రేబిస్ వైరస్ నడక చాలా నెమ్మది. కాటు పడిన చోటు నుండి రక్తంలో పరుగెత్తదు, నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారమే, ఒక్కోసారి ఏడాది. ఈలోగా కుక్క హాయిగా తింటూ తిరుగుతుంది. టీకాకు ముందే వైరస్ లోపల చేరి ఉంటే టీకా దాన్ని ఆపుతుందన్న నమ్మకం లేదు. అందుకే కాలమే ఇక్కడ పరీక్షాధికారి. బ్రిటన్ మన దేశపు కుక్కను రక్తం తీసిన 3 నెలల దాకా రానివ్వదు. 2000 సంవత్సరానికి ముందైతే అక్కడ దిగిన కుక్కను 6 నెలలు బోనులోనే ఉంచేవారు! రేబిస్ లేని ఆస్ట్రేలియా మన కుక్కలను నేరుగా అసలే అనుమతించదు. ఈ పట్టుదల అతి అనిపించవచ్చు గాని, లక్షణాలు కనబడ్డాక రేబిస్ రోగి బతకడం దాదాపు అసాధ్యమని మరువరాదు. (కుక్క కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.)

రామచిలుక సంగతి? మన చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. విచిత్రమేమంటే, లండన్ పార్కుల్లో ఆ జాతి చిలుకలే గుంపులుగా ఎగురుతూ కనిపిస్తాయి!

సరే, టామీ చేరిందనుకుందాం. బడిలో, వీధిలో, అంగడిలో అంతా ఇంగ్లీషే. అది తనకు తెలియని భాష అని కుక్క గుర్తిస్తుందా?

లారా కువాయా అనే శాస్త్రజ్ఞురాలికి సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. ఆమె మెక్సికో నుండి హంగరీకి వెళుతూ తన కుక్క కున్‌కున్‌ను వెంట తీసుకుపోయింది. అంతవరకు అది విన్నది స్పానిష్. బుడాపెస్ట్‌లో అందరూ హంగేరియన్ మాట్లాడతారు. ఆమె, తోటి శాస్త్రజ్ఞులు కలిసి 18 కుక్కలకు మెదడును చిత్రించే ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పారు. మత్తుమందు లేదు, కట్టివేయడం లేదు. ఒకే కథను రెండు భాషల్లోనూ వినిపించారు. తెలిసిన భాషకు, తెలియని భాషకు కుక్క మెదడు వేరువేరుగా స్పందించింది! వయసు మళ్లిన కుక్కల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనబడింది. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. కుక్కకు అర్థాలు తెలుసునని కాదు, ఇంటి భాష ధ్వనులకు దాని చెవి అలవాటు పడిందని. కొత్త బడిలో తన పేరే ఎవరికీ పలకరాని పిల్లవాడికి, సాయంత్రం "రారా టామీ" అనగానే తోక ఊపే ప్రాణి ఒకటి ఉండడం చిన్న విషయమా?

అయితే అందరికీ ఇది సాగదు. ఖర్చు ఎక్కువ. రాయలసీమ నుండి కువైట్‌కు కూలికి పోయేవారిలో చాలామంది కన్నపిల్లలనే వెంట తీసుకుపోలేరు, ఇక కుక్క మాటేమిటి? టామీ అవ్వ దగ్గరే ఉండిపోతుంది. అది మిమ్మల్ని మరచిపోతుందా?

అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో 12 కుక్కలకు రకరకాల వాసనలు చూపించారు. తమ ఇంటి మనిషి వాసన, కొత్త మనిషి వాసన, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది. ఇంటి మనిషి ఆ గదిలో లేకపోయినా, వారి వాసన తగలగానే కుక్క మెదడులో సంతోషాన్ని ఎదురుచూసే భాగం అన్నిటికన్న ఎక్కువగా స్పందించింది.

వీడియో కాల్‌లో మీ ముఖం కనబడుతుంది, గొంతు వినబడుతుంది, వాసన మాత్రం రాదు. కాబట్టి ఊరు విడిచేటప్పుడు మీరు తొడిగిన చొక్కా ఒకటి ఉతకకుండా టామీ పడుకునే మూల పెట్టిపొండి. అవ్వకు కూడా చెప్పండి, చాకిరేవుకు వేయవద్దని.