నోరు పూసేది బిళ్ళ వల్లనేనా?

"పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్ళలు మహా వేడమ్మా, నోరు పూస్తుంది" అనే మాట మీ చెవిన పడే వుంటుంది. మా తిరువూరులో నలుగురు ఆడవాళ్ళు చేరితే ఈ మాట రాక మానదు. చదువుకున్నవాళ్ళు కొందరు ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. నేనలా అనను. ఎందుకంటారా? నోటి పూతకు మూలమైన విటమిన్ లోపానికీ, ఈ బిళ్ళలకూ సంబంధమేమిటో హైదరాబాదులో ఒక శాస్త్రజ్ఞురాలు పరీక్షించి చూశారు. ఆమె డాక్టర్ మహతాబ్ బామ్జీ. పనిచేసింది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో.

గర్భనిరోధక మాత్రకు మొట్టమొదట అనుమతి వచ్చింది అమెరికాలో, 1960లో. ఆనాటి బిళ్ళలో ఈస్ట్రోజెన్ జాతి హార్మోను 150 మైక్రోగ్రాములుండేది. ఇప్పటి మాలా-ఎన్‌లో వున్నది 30. మోతాదు ఎంత తగ్గిందో చూడండి! పాలూ గుడ్లూ దండిగా దొరికే దేశంలో కుదిరిన మందు, పొద్దున కాఫీ చుక్కతో సరిపెట్టుకుని అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మన ఆడదానికి ఎలా పనిచేస్తుంది? ఇది అడగవలసిన ప్రశ్నే కదూ.

బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్, తక్కువైతే పెదవుల మూలలు పగులుతాయి, నాలుక ఎర్రబడి మండుతుంది. దీన్నే మనం "వేడి చేసింది" అనుకుని మజ్జిగ తాగుతాం. మజ్జిగలో కాస్త బి2 వుంటుంది లెండి, మన పెద్దవాళ్ళ వైద్యం ఉత్తదేం కాదు! అయితే నోరు పూయకముందే లోపం కనిపెట్టడం ఎలా? మన ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైము వుంది. అది పనిచెయ్యాలంటే బి2తో తయారైన తోడు కావాలి. పొయ్యి వున్నా కట్టెలు లేకపోతే వంట సాగదు కదా, అలాగే. పరీక్షనాళికలో రక్తం తీసుకుని ఆ తోడును బయటినుంచి కలుపుతారు. ఎంజైము ఒక్కసారిగా హుషారెక్కిందంటే అది అంతవరకూ పస్తు వున్నట్టే లెక్క. ఈ పరీక్షమీద బామ్జీ 1969లోనే వ్యాసం ప్రచురించారు.

తరవాత లీలా అయ్యంగార్ మొదలైన సహచరులతో కలిసి, తక్కువ రాబడి కుటుంబాల స్త్రీలను బిళ్ళలు మొదలుపెట్టకముందూ, వాడుతున్నప్పుడూ పరీక్షించారు. ఆ ఫలితాలు 1975లో వెలువడ్డాయి. బిళ్ళలు వాడేవారిలో బి2 స్థితి దిగజారింది. కానీ అసలు సంగతి మరొకటుంది. బిళ్ళ ముట్టకముందే వారిలో చాలామందికి విటమిన్లు చాలలేదు! అంటే నేరమంతా బిళ్ళదే కాదు, కంచానిది కూడా.

ఇదంతా మనకెందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహితలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకున్నవారే. బిళ్ళలు వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇద్దరు పిల్లలవగానే ఆపరేషను, అంతవరకూ దేవుడిమీద భారం. మరి కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునే కొత్త కోడలి గతేమిటి? భయంతో మానేసే హక్కు ఆమెకుంది, కానీ ఆ భయం దేనిగురించో తెలిసి వుండాలి.

వాడదలచుకుంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. రక్తపోటు వున్నవారికీ, రక్తం గడ్డకట్టిన జబ్బు ఎప్పుడైనా వచ్చినవారికీ ఇవి పనికిరావు. పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలూ వీటి జోలికి పోకూడదు. మాలా-ఎన్ అట్టలో 28 బిళ్ళలుంటాయి. చివరి ఏడూ ఐరన్ బిళ్ళలు, రక్తం పట్టడానికి. "ఇవెందుకులే" అని పారేయకండమ్మా.

ఇక కంచం సంగతి. పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు, తినేవారైతే కార్జం, బి2 వీటిలో బాగా వుంటుంది. గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు కొంత దానితోపాటే పోతాయి. పాలగిన్నెను ఎండలో వుంచకండి, వెలుతురుకు బి2 నశిస్తుంది. మగవాళ్ళకూ పిల్లలకూ పెట్టగా మిగిలితే తిందామనుకుంటే గుడ్డు మీదాకా రాదు. ముందే మీ వంతు తీసి పెట్టుకోండి.

సంస్థనుంచి పదవీ విరమణ చేశాక బామ్జీ ఒక ధర్మసంస్థ తరఫున మెదక్ జిల్లా పల్లెలకు వెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళచేత పెరట్లో ఆకుకూరలు వేయించారు, కోళ్ళు పెంచే పనిలో పెట్టారు.