లద్దాఖ్‌లో ఎరుపెక్కిన ఆకాశం.. గ్రేటర్ నోయిడాకు ఎందుకు కనిపించదు?

గ్రేటర్ నోయిడా: 2024 మే 10, శుక్రవారం. అర్ధరాత్రి దాటిన తర్వాత లద్దాఖ్‌లోని హాన్లే వద్ద భారత ఖగోళ పరిశోధనశాల కెమెరాలు ఒక అరుదైన దృశ్యాన్ని బంధించాయి. ఉత్తర దిక్కున, కొండల అంచుకు కాస్త పైన, ఆకాశం ఎర్రగా మెరిసింది. నార్వే, కెనడాల్లో కనిపించే ధ్రువకాంతులు భారత భూభాగం నుంచీ నమోదు కావడంతో సామాజిక మాధ్యమాలు ఆ చిత్రాలతో నిండిపోయాయి. మరి హాన్లేకు సుమారు 480 కిలోమీటర్లు మాత్రమే దక్షిణంగా ఉన్న గ్రేటర్ నోయిడా వాసులు మేడ ఎక్కి చూస్తే ఏమైనా కనిపించేదా? లేదనే చెప్పాలి. కారణం ఒక్క పొగమంచో, వీధిదీపాలో కాదు.

ఆ వారం సూర్యునిపై ఏఆర్ 13664 అనే మచ్చల సమూహం భూమి వ్యాసానికి 15 రెట్లకు పైగా విస్తరించింది. దాని నుంచి వరుసగా వెలువడిన ఆవేశిత కణాల మేఘాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఢీకొన్నాయి. ఫలితంగా 2003 అక్టోబరు తర్వాత తొలిసారి అత్యున్నత జీ5 స్థాయి భూ అయస్కాంత తుపాను నమోదైంది. సాధారణంగా ధ్రువాల చుట్టూ వలయంలా ఉండే కాంతి మండలం ఇలాంటి వేళల్లో భూమధ్యరేఖ వైపు జరుగుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ధ్రువకాంతులకు లెక్క పటంలోని అక్షాంశం కాదు, అయస్కాంత అక్షాంశం. గ్రేటర్ నోయిడా, అమెరికాలోని ఒర్లాండో నగరం దాదాపు ఒకే అక్షాంశంపై, 28.5 డిగ్రీల వద్ద ఉన్నాయి. కానీ భూ అయస్కాంత ధ్రువం భౌగోళిక ధ్రువం నుంచి ఉత్తర అమెరికా వైపు ఒరిగి ఉంటుంది. అందువల్ల ఒర్లాండో అయస్కాంత అక్షాంశం సుమారు 38 డిగ్రీలు కాగా, గ్రేటర్ నోయిడాది 20 డిగ్రీలే. హాన్లేది 24 డిగ్రీలు దాటుతుంది. ఆ మే నెల తుపానులో ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల్లో కాంతులు కనిపించాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ కూడా ఈ విషయంలో దిల్లీ పరిసరాల కంటే ఎంతో అనుకూలమైన చోటే.

దూరం నుంచి చూసేవారికి ఎరుపే ఎందుకు కనిపిస్తుంది? ఆకుపచ్చ కాంతి 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది. ఆక్సిజన్ పరమాణువులు వెదజల్లే ఎరుపు 200 కిలోమీటర్లకు పైనే సాధ్యం. ఉత్తేజితమైన పరమాణువు ఎర్రని కాంతిని విడుదల చేయడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అంతకంటే కింద గాలి చిక్కబడి, ఈలోపే ఇతర కణాలు దాన్ని ఢీకొని శక్తిని లాగేసుకుంటాయి. ఆకుపచ్చ దిగంతం కింద మరుగైపోగా, ఎత్తున ఉన్న ఎరుపు మాత్రమే వందల కిలోమీటర్ల అవతలి వారికి కనిపిస్తుంది. పైగా మసక చీకటిలో మనిషి కన్ను ఎరుపును సరిగా పట్టలేదు. కొన్ని సెకన్లపాటు కాంతిని సేకరించే కెమెరాకు అందేది కంటికి అందకపోవడం అందుకే.

గ్రేటర్ నోయిడాకు వస్తే, ఆ ఎరుపు ఇంకా కిందికి దిగి దిగంతాన్ని ఆనుకుంటుంది. ఆ దిక్కునే గాజియాబాద్ దీపాల వెలుగు, దుమ్ము, ఎత్తైన అపార్ట్‌మెంట్లు. రాత్రివేళ నగరంపై కనిపించే నారింజ ఛాయ వీధిదీపాల ప్రతిఫలనమే తప్ప మరొకటి కాదు. ‘మా ఊళ్లో ధ్రువకాంతులు’ అంటూ వచ్చే నగర చిత్రాలను నమ్మే ముందు ఈ విషయం గుర్తుంచుకోవడం మంచిది.

అయితే ఎన్నటికీ అసాధ్యమా అంటే, కాదు. 1872 ఫిబ్రవరి 4 నాటి తుపానులో గ్రేటర్ నోయిడా కంటే ఎంతో దక్షిణాన ఉన్న బొంబాయిలోనే ధ్రువకాంతులు కనిపించినట్లు నాటి కథనాలు చెబుతున్నాయి. అంతకు ముందు 1859 సెప్టెంబరులో కొలాబా పరిశోధనశాల పరికరాలు అయస్కాంత క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్లు నమోదు చేశాయి. ఆ మహా తుపాను అధ్యయనానికి ఆ రికార్డు నేటికీ కీలకం. 2024 మే తుపానులో ప్రపంచ సగటు సూచీ 400 నానోటెస్లాలు దాటి తగ్గింది. ఒక కేంద్రపు కొలతను ప్రపంచ సూచీతో నేరుగా పోల్చలేం గానీ, తేడా ఎంతటిదో తెలుస్తుంది.

అలాంటి తుపాను రావాలని కోరుకోదగినదీ కాదు. 1989 మార్చి 13న అంతకంటే చిన్న తుపానుకే కెనడాలోని క్యూబెక్ విద్యుత్ గ్రిడ్ కుప్పకూలి, 60 లక్షల మంది గంటల తరబడి చీకట్లో గడిపారు. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుపాను వేళ ప్రయోగించిన స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో సుమారు 40 నష్టపోయాయి. 2024 మేలో అమెరికా రైతుల జీపీఎస్ ఆధారిత విత్తన యంత్రాలు వరుస తప్పాయి. తక్కువ అయస్కాంత అక్షాంశం భారత్‌కు ధ్రువకాంతులను దూరం చేసినా, విద్యుత్ గ్రిడ్‌కు ముప్పునూ తగ్గిస్తోంది. జీపీఎస్ సంకేతాల విషయంలో మాత్రం ఆ ఊరట లేదు. అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో ఉన్న దక్షిణ భారతంపై అయనావరణం మామూలు రోజుల్లోనే అలజడిగా ఉంటుంది.

ఈ మార్పులను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అయస్కాంత కేంద్రం నిత్యం కొలుస్తోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సౌరగాలిని గమనిస్తూ 2024 మే తుపానునూ నమోదు చేసింది. అక్కడి కొలతలతో భూమికి దక్కే ముందస్తు వ్యవధి సాధారణంగా అరగంట నుంచి గంట.

2024 అక్టోబరులో సూర్యుడు చురుకుదనపు గరిష్ఠ దశకు చేరినట్లు నాసా ప్రకటించింది. గరిష్ఠం దాటాక కూడా పెద్ద తుపాన్లు వస్తాయి. 2003 నాటివి అలా వచ్చినవే. చూడాలనుకునే గ్రేటర్ నోయిడా వాసి మేడ ఎక్కడం కంటే హాన్లేకు ప్రయాణం కట్టడమే మేలు. ఆ ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చంద్రుడు లేని రాత్రి, ఉత్తర దిగంతం వైపు ట్రైపాడ్‌పై నిలిపిన కెమెరా, 15 సెకన్ల ఎక్స్‌పోజర్ కావాలి. జీ4 హెచ్చరిక వచ్చాక బయల్దేరితే మాత్రం లేహ్ చేరేలోపే ఆ ఎరుపు ఆరిపోవచ్చు.