చిన్న అసైన్‌మెంట్లు: చదవడం, రాయడం

ఇంగ్లీషు కోర్సులో మీకిచ్చే అసైన్‌మెంట్లలో చాలా ప్రశ్నలకు ఒక్క పేరా జవాబు చాలు. చిన్నవే కదా అని గైడు చూసి రాసేస్తే నష్టపోయేది మీరే.

ఉదాహరణకు, ఆర్.కె. నారాయణ్ కథ ‘యాన్ ఆస్ట్రాలజర్స్ డే’ చూడండి. అందులో జ్యోతిష్కుడు సొంత ఊరు ఎందుకు విడిచాడు? మొదటి భాగం మాత్రమే చదివితే, ముందు ఆలోచన ఏదీ లేకుండా వచ్చేశాడనిపిస్తుంది. ఒక మనిషిని చంపేశాననుకుని పారిపోయాడన్న సంగతి, కథ చివర భార్యతో చెప్పినప్పుడే తెలుస్తుంది. అందుచేత ముందు కథంతా చదవండి. తరువాత పుస్తకం మూసి, అయిదారు వాక్యాల్లో జవాబు రాయండి.

రాశాక రెండు అంశాలు సరిచూసుకోండి. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్మకు ముందు వస్తుంది. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి వాటిని మరచిపోతుంటాం. ఇవి తెలివితక్కువ వల్ల వచ్చే తప్పులు కావు, మాతృభాష అలవాటు వల్ల వచ్చేవి.

మీ సొంత వాక్యంలో తప్పుంటే కౌన్సెలర్ దిద్దగలరు. గైడు వాక్యం దిద్దితే మీకు ఒరిగేదేమీ లేదు.