చిన్న నమూనాలో పెద్ద చరిత్ర: స్పిట్‌ఫైర్ యుద్ధ విమాన నమూనాను పరిశీలించే విధానం

రెండవ ప్రపంచ యుద్ధకాలపు పోరాట విమానాలలో స్పిట్‌ఫైర్‌కు విశిష్ట స్థానం ఉంది. ఆర్.జె. మిచెల్ రూపకల్పన చేసిన ఈ బ్రిటిష్ విమానం 1936 మార్చి 5న తొలిసారి గగనతలంలోకి ఎగిరింది. దీని చరిత్రతో హైదరాబాదుకు కూడా సంబంధం ఉండటం విశేషం. నిజాం విరాళానికి గుర్తింపుగా రాయల్ ఎయిర్ ఫోర్స్ 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు పెట్టారు. నిజాం తలపాగాయే ఈ దళ చిహ్నం. 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లాండు గగనతల రక్షణలో పాల్గొన్న ఈ దళం, 1943 చివరలో తూర్పు రణరంగానికి తరలివచ్చి బర్మాలో పోరాడింది.

ఇటువంటి విమానాల స్కేలు నమూనాలను తయారుచేయడం అనేక దేశాలలో ఆదరణ పొందిన కళ. నమూనా అందంగా ఉంటే చాలదు. అది ఏ విమానానికి, ఏ సంవత్సరానికి, ఏ రణరంగానికి ప్రతిరూపమో దానికి కట్టుబడి ఉన్నప్పుడే దానికి చారిత్రక విలువ చేకూరుతుంది.

కొలతలు, ఆకృతి

తొలి రకం స్పిట్‌ఫైర్ రెక్కల విస్తృతి 11.23 మీటర్లు, పొడవు 9.12 మీటర్లు. 72వ వంతు నమూనాలో ఇవి వరుసగా 15.6, 12.7 సెంటీమీటర్లు. ఈ పరిమాణంలో అర మిల్లీమీటరు గాడి అసలు విమానంపై 3.6 సెంటీమీటర్ల సందుతో సమానం. అందువల్ల రేకుల అతుకులు సన్నగా, రంగు పూత పలుచగా ఉండాలి. ఎదురుగా చూసినపుడు రెండు రెక్కలూ ఒకే కోణంలో పైకి లేచి ఉండాలి. పైలట్ గదిపై గల పారదర్శక కప్పుపై జిగురు మరక కనబడరాదు.

రంగులు, గుర్తులు

1940 నాటి స్పిట్‌ఫైర్ గుండ్రని జాతీయ చిహ్నం నడుమ ఎర్రని చుక్క ఉండేది. బర్మా రణరంగంలో ఆ ఎరుపును తొలగించి నీలి ఛాయలను మాత్రమే వాడారు. జపాను విమానాల చిహ్నం ఎర్రని సూర్యబింబం కావడంతో, స్వపక్ష విమానాన్నే శత్రువుదిగా పొరబడే ప్రమాదం ఉండటమే దీనికి కారణం. విమాన రకాన్ని కూడా గమనించాలి. ఇంగ్లాండును కాపాడిన తొలి రకానికి మూడు ప్రొపెల్లర్ రెక్కలు ఉండగా, బర్మాలో ఈ దళం నడిపిన ఎనిమిదవ రకానికి నాలుగు ఉండేవి.

వాడకపు ఆనవాళ్లు

పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమవైపు ఉన్నందున, ఆ వైపు రెక్క మొదట్లో రంగు ఎక్కువగా అరిగి ఉండటం సహజం. తొలి రకంలోని ఎనిమిది మెషిన్ గన్ల రంధ్రాలను ఎగరడానికి ముందు గుడ్డ ముక్కలతో మూసేవారు. కాల్పులతో అవి చిరిగిపోయేవి. నమూనాలో ఆ గుడ్డలు చెక్కుచెదరకుండా ఉండి, రెక్కల కింద మాత్రం తాజా తుపాకీ మసి చారలు కనిపిస్తే ఆ రెండూ పొసగవు.

ఆ యుద్ధంలో పోరాడిన తరం దాదాపుగా కనుమరుగైంది. నేటి బాలబాలికలకు ఆ కాలం పరిచయమయ్యేది పుస్తకాలు, ప్రదర్శనశాలలు, ఇటువంటి నమూనాల ద్వారానే. బర్మా విమానంపై ఎర్రని చుక్క పెడితే, అక్కడి పైలట్లు ఎదుర్కొన్న ఒక నిజమైన ప్రమాదం చరిత్ర నుండి చెరిగిపోతుంది. కావున నమూనాను చూసేవారు "ఎంత బాగుంది" అనే మెచ్చుకోలుతో ఆగక, "ఇది ఏ విమానం, ఎక్కడిది, ఎప్పటిది" అని ప్రశ్నించడం అవసరం. ఆ మూడింటికీ జవాబు చెప్పగల నమూనాయే ఉత్తమమైనది.