తాతయ్య టేబుల్ ఫ్యాన్: ప్లగ్గు పెట్టాలా, షోకేస్‌లో పెట్టాలా?

మార్కాపురంలో మా పాత ఇంటి అటక దులుపుతుంటే తాతయ్య టేబుల్ ఫ్యాన్ దొరికింది. ఇనుప బాడీ, ఇత్తడి రెక్కలు, గుడ్డ చుట్టిన వైరు, రెండు పిన్నుల ప్లగ్గు. లుక్ మాత్రం అదిరింది! "ఓసారి ప్లగ్గు పెట్టి చూడరా, తిరుగుద్దేమో" అంది నానమ్మ. నేను పెట్టలేదు. ఎందుకో చూద్దాం.

తిరిగితే సేఫ్ అనుకోవద్దు

ఏళ్లు గడిచేకొద్దీ వైరు మీది రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంది. లోపలి రాగి తీగ బాడీకి తగిలినా ఫ్యాన్ మామూలుగానే తిరగొచ్చు. రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉండదు. అప్పుడు బాడీ ముట్టుకుంటే కరెంటు మన ఒంట్లోంచే నేలకు పోతుంది.

ముందు ఏం చెక్ చేయాలి?

మొదట నేమ్ ప్లేట్ చూడండి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఏసీ. ప్లేటు మీద డీసీ అనో, 110 వోల్టులనో ఉంటే నేరుగా ప్లగ్గు పెట్టొద్దు.

తర్వాత ఎలక్ట్రీషియన్‌తో 500 వోల్టుల మెగ్గర్ టెస్ట్ చేయించాను. వైండింగ్‌కీ బాడీకీ మధ్య కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. మాది 0.3 చూపించింది. పాత వైరు పీకేసి, మోటారును రెండు రోజులు ఎండలో ఆరబెట్టాక 20 దాటింది. మూడు కోర్ల వైరు వేసి, ఎర్త్ తీగను బాడీకి స్క్రూతో బిగించాం. బుష్‌లకు నాలుగు చుక్కల కుట్టుమిషన్ నూనె. మొత్తం ఖర్చు 900 రూపాయలు.

అసలు ట్విస్ట్ సాకెట్‌లో

ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టారు. వెలగలేదు. విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక వైరే లేదు! ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు నా ల్యాప్‌టాప్ మెటల్ బాడీ చేతికి జివ్వుమనేది కూడా ఈ సాకెట్ దగ్గరే. ఆ మోడలే అంత అనుకున్నా ఇన్నాళ్లూ.

సరే, ఎర్త్ గొయ్యి తవ్వించాం. కానీ మాది పలకరాయి నేల, వేసవిలో ఎండిపోతుంది. అలాంటి చోట ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది 20 ఓమ్‌లు ఉందనుకోండి, లీకయ్యే కరెంటు 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. గొయ్యిలో నీళ్లు పోసే డ్యూటీ నాది.

ఫైనల్ వెర్డిక్ట్

ఫ్యాన్ తిరుగుతోంది, గాలి బాగుంది. అయితే గార్డు సందుల్లో పిల్లల వేళ్లు దూరతాయి. కాబట్టి పెద్దవాళ్లు పక్కనుంటేనే ఆన్ చేస్తున్నాం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అస్సలు నడపం. మోటారు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. రాత్రి నిద్రకు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎలాగూ ఉంది.

మీ ఇంట్లో పాత ఫ్యాన్ లేకపోయినా, సాకెట్‌లోని ఆ మూడో రంధ్రాన్ని మాత్రం ఓసారి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.