ఎల్లారెడ్డి దారికి తగిన బండి

కామారెడ్డి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై పాత చిన్న కారుకు మర్యాద తక్కువ. వెనక లారీ హారన్ కొడుతుంది, పక్కనుంచి పెద్ద బండ్లు దూసుకుపోతాయి. అదే కారు తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దారి పడితే లెక్క మారుతుంది. ఊళ్లలో సన్నబడే రోడ్డు, కోతలప్పుడు సగం తారు మీద ఆరబోసిన వడ్లు, ఎదురుగా ట్రాక్టర్. నలభై కిలోమీటర్ల వేగం దాటని బండికి ఇక్కడ ఏ తొందరా లేదు.

నంబరు ప్లేటు చరిత్ర

ఈ ప్రాంతంలో కారు వయసు ప్లేటు మీదే కనిపిస్తుంది. ‘ఏపీ 25’ అంటే ఉమ్మడి రాష్ట్రంలోని నిజామాబాద్ జిల్లా బండి. తెలంగాణ వచ్చాక అది ‘టీఎస్ 16’ అయింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడటంతో ఇక్కడికి ‘టీఎస్ 17’ వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు ‘టీజీ 17’. పాత ప్లేటుతో తిరిగే మారుతి 800 ఈ మార్పులన్నీ చూసిన కారు.

800 తొలి కారు 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. బీఎస్-4 నిబంధనలతో 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకం ఆపేశారు. మిగతా చోట్ల ఇంకొన్నేళ్లు సాగి, 2014 జనవరిలో తయారీ నిలిచింది. రాజధాని వదులుకున్నాక కూడా జిల్లాలకు కొత్త 800 దొరికిందన్నమాట.

వింతల బండి

2009లో వచ్చిన నానో తీరే వేరు. 624 సీసీ ఇంజిన్ వెనక ఉంటుంది, పెట్రోలు పోయాలంటే ముందు బానెట్ ఎత్తాలి. అద్దానికి ఒకే వైపర్, చక్రానికి మూడే నట్లు. మొదటి మోడళ్లకు వెనక డిక్కీ తలుపు లేదు, సామాను సీటు వంచి పెట్టాలి. లక్ష రూపాయల ధరకు కట్టుబడేందుకు చేసిన పొదుపే ఇదంతా. ఆ పొదుపే ఇప్పుడు చూసేవాళ్లకు ముచ్చటగా మారింది.

అసలు మోజు మరమ్మతులో ఉంది. కార్బురేటర్ 800 చలి పొద్దున మొరాయిస్తే చోక్ గుంజాలి. బ్యాటరీ పడిపోతే “జర నూకుండ్రి” అంటే చాలు, ఇద్దరు చేయి వేస్తే కదిలే బరువు. కొత్త కారులో లోపం పట్టాలంటే స్కానర్ తగిలించాలి. పాత కారులో చప్పుడు, వాసన, స్టీరింగ్ వణుకు ముందే చెప్పేస్తాయి. నడిపేవాడికి నాలుగు నెలల్లో సగం మెకానిక్ పని వస్తుంది.

కొనే ముందు

రేటు చూసి మురిసిపోవద్దు. కింద పడుకుని ఫ్లోర్‌కు తుప్పు పట్టిందేమో చూడాలి. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటితే ఆ పొడిగింపు ఫీజే పది వేల రూపాయలని కేంద్రం 2025లో ఖరారు చేసింది. చాలా పాత బండికి అది తక్కువేమీ కాదు. ఎయిర్‌బ్యాగులూ ఉండవు, పిల్లాపాపలతో రాత్రి హైవే ఎక్కడం తెలివి కాదు.

అందుకే ఇంట్లో ఉన్న ఒక్క బండి ఇదే అయితే తలనొప్పి, రెండోదైతే సరదా. సంతకు, పొలానికి, పక్క ఊరి పెళ్లికి వెళ్లే దూరాలకు ఇది చాలు. ఎల్లారెడ్డి వైపు బతుకులో దూరాలు చాలావరకు అంతే.